తప్పొప్పుల పట్టికలో వలస గుండు

మా అక్క జీవితంలో ఒక్క ద్వీపం కూడా చూడలేదు. మంచును ఐసు ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర చూసింది. అగ్నిపర్వతాల విషయంలో నాన్న కోపం తప్ప ఆమెకు వేరే అనుభవం లేదు. ఈ అర్హతలతో ఆమె స్కాట్లండుకు పడమట ఉన్న స్కై అనే ద్వీపం మీద, నిప్పు దాన్ని ఎలా పోసిందో, మంచు ఎలా గీకిందో చెబుతూ, పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం రాసింది. పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమె లేదు. అచ్చయిన పుస్తకంలో కూడా ఆమె పెద్దగా లేదు. ఉన్నంత మేరకు ఉండటానికి నేనొక పని చేశాను. గొప్ప పనేమీ కాదు. ఒక కాగితం ముక్క అతికించాను.

మాది కోస్తా కుటుంబం. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పుడు నాన్న తన ఆఫీసు ఫైళ్ళతో పాటు హైదరాబాదు వచ్చాడు. ఫైళ్ళ వెనక మేం వచ్చాం. అరవై ఏడులో, టీచరైన అక్కను రాయదుర్గం దగ్గరి బడికి వేశారు. ఇప్పుడక్కడ మెట్రో ఆఖరి స్టేషను ఉంది, ఎండను మన కళ్ళలోకే తిప్పికొట్టే అద్దాల మేడలున్నాయి. అప్పుడు రాళ్ళుండేవి. బస్సు దిగి రెండు మైళ్ళు నడవాలి. రాయి మీద రాయి, దాని మీద మరో రాయి, ఎవరో పేరుస్తూ పేరుస్తూ మధ్యలో భోజనానికి లేచిపోయినట్టు ఉండేవి. ఆ బదిలీని ఆఫీసువాళ్ళు శిక్ష అనేవారు. నెల తిరిగేసరికి అక్క సెలవు రోజుల్లో కూడా అక్కడికే పోవడం మొదలుపెట్టింది. శిక్ష వేసినవాళ్ళకు తెలిస్తే నొచ్చుకునేవాళ్ళు.

నేను పట్నంలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఇతరుల తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఇది చాలామంది ఉచితంగా చేసే పనే.

ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద అక్కకు అట్ట లేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. మొదటి పుటలు ఊడిపోయాయి కాబట్టి రాసిందెవరో తెలియదు. అంతా స్కై ద్వీపం రాళ్ళ గురించే. ఆమె ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే నా చేతిలో పెట్టింది.

"ఒరేయ్, చదువు. నలభై పుటలు చూశాను. ఒక్క విశేషణం లేదు."

మా ఇంట్లో అంతకు మించిన మెప్పు లేదు.

పుస్తకంలో ఉన్న సంగతి ఇది. ఆ ద్వీపం ఉన్నచోట ఒకప్పుడు నేల చీలి లావా పారింది. ఒకసారి కాదు, పారి ఆరి, మళ్ళీ పారి ఆరి, చాప మీద చాప పరిచినట్టు పొరలు కట్టింది. పైకి రాలేకపోయిన లావా లోపలే మెల్లగా గడ్డకట్టి, పైనున్నదంతా అరిగాక నల్లటి కొండలై బయటపడింది. ఆ తర్వాత చాలా కాలానికి మంచు వచ్చింది. కురిసి కరిగే మంచు కాదు. కొండల మీద పేరుకుని, తన బరువు తానే ఓపలేక కిందికి జరిగే మంచు. అది జరుగుతూ కొండలను గీకింది, తవ్వింది. ఇళ్ళంత గుండ్లను ఒకచోట ఎత్తుకుని, వాటికి ఏ సంబంధమూ లేని ఇంకోచోట దించి, కరిగిపోయింది. దించిన గుండ్లు అక్కడే ఉండిపోయాయి.

అక్క బడి పాఠ్యపుస్తకంలో ఈ జరిగే మంచుకు హిమానీనదం అనే పేరుంది. ఆ మాటతో పిల్లలకు ఎంత పరిచయమో తెలుసుకోవాలని ఆమె అడిగింది.

"హిమానీనదం అంటే ఏమిటి?"

"నది టీచరమ్మా."

"ఎక్కడ ఉంటుంది?"

"పరీక్షల ఉంటది టీచరమ్మా."

మర్నాడు అక్క ఐసు ఫ్యాక్టరీకి పోయింది. అడుగున ఇసుక, గులకరాళ్ళు పోసి ఒక దిమ్మ గడ్డకట్టించి ఇమ్మని అడిగింది. ఫ్యాక్టరీ ఆయన ఆమెను తలనుంచి కాళ్ళదాకా చూశాడు.

"మంది ఇసుక లేకుండ ఇయ్యుమంటరు. నువ్వేందమ్మ, ఇసుక ఏసి ఇయ్యుమంటవ్?"

"పిల్లలకు చూపించాలి."

"ఏం జూపిస్తవ్? నా ఫ్యాక్టరీల ఇసుకొస్తదనా?"

నాలుగు రోజులు తిరిగితే ఇచ్చాడు. రంపపు పొట్టులో దొర్లించి, గోనెసంచిలో చుట్టి, దాన్ని బస్సులోకి మోసే గౌరవం నాకిచ్చారు. మెహదీపట్నం దాటేసరికి నా ఒళ్ళు తడిసింది, పక్కవాడి ఒళ్ళూ తడిసింది. కండక్టరు వచ్చి నిలబడ్డాడు.

"ఏంది సార్ అది, కారుతున్నది?"

"హిమానీనదం," అంది అక్క.

కండక్టరు కాసేపు ఆలోచించాడు. "బస్సుల జీవాలను ఎక్కించొద్దు," అన్నాడు.

బడికి చేరేసరికి సగం మిగిలింది. అక్క నేల మీద ఒక నల్లరాతి పలక పెట్టించి, దాని మీద ఆ దిమ్మను ఇసుక వైపు కిందికి ఆనించి, పిల్లల చేత ఒకే వైపుకు తోయించింది. పలక మీద తెల్లటి గీతలు పడ్డాయి, అన్నీ ఒకే దిక్కుకు. మంచు మెత్తన, గీకేది మంచు కాదు, అది మోసే రాయి అని చెప్పింది. తర్వాత దిమ్మను గడప మీద వదిలేసింది. ఎండకు అది కరిగి నీళ్ళయి పారిపోయింది. గులకరాళ్ళు గడప మీద మిగిలాయి. "ఇవి ఈ గడపవి కావు. ఎవరు తెచ్చారు?" అని అడిగితే ఇరవై గొంతులు మంచు అన్నాయి. ఒక గొంతు "మీ తమ్ముడు" అంది. ఆ పిల్లదే సరైన జవాబని అక్క ఒప్పుకుంది. కరగకుండా మిగిలిన హిమానీనదాన్ని పిల్లలు ఇసుక ఉమ్మేసుకుంటూ తినేశారు. ఆ తర్వాత ఆ బళ్ళో హిమానీనదం ఎవరూ మర్చిపోలేదు. ఆ పేరు మాత్రం ఎవరూ వాడలేదు. జరిగే మంచు అనేవారు.

బడి వెనకాల గుండ్లు కొట్టేవాళ్ళుండేవాళ్ళు. వాళ్ళ మేస్త్రి పాలమూరు నుంచి వచ్చినవాడు. ఉలి పట్టిన చేతివేళ్ళు పూర్తిగా తెరుచుకునేవి కావు. అక్క తెలుగులో చదివి చెప్పిన ఇంగ్లీషు పుస్తకాన్ని అతను ఏ పుట దగ్గరా అడ్డుకోకుండా విని, చివర్న ఒక ప్రశ్న వేసేవాడు, అది పుస్తకంలో ఉండేది కాదు. మన గుండ్లు ఎందుకు గుండ్రంగా ఉన్నాయని అక్క అడిగితే అతను ఒక గుండు పక్కనుంచి అరచేయంత పెచ్చు చేత్తో ఊడదీశాడు.

"ఉల్లిగడ్డ లెక్కనమ్మా. ఎండకు వానకు పొట్టు ఊడుతది. మూలలు ముందుగాల పోతయి. ఇగ గుండ్రమే మిగులుతది."

బడి బావి దగ్గర బర్రెను కట్టేసే నల్లరాయి ఒకటి ఉండేది, నిండా చిన్నచిన్న చిల్లులతో. అరవై తొమ్మిదిలో మేస్త్రి ఒకరోజు దాన్ని సుత్తితో కొట్టి, పక్కనున్న గుండునూ కొట్టాడు.

"ఇను. మా గుండు గంట లెక్క మోగుతది. గిది దగ్గుతది. గిది ఈడిది గాదు. శంకర్‌పల్లి దిక్కుది. ఎవడో బండిల ఏస్కొచ్చిండు."

ఆ చిల్లులు లావాలోని గాలి బుడగలవని, శంకర్‌పల్లి దాటితే నేలంతా అలాంటి లావా పొరలేనని, స్కై ద్వీపం పొరల్లాంటివేనని అక్క ఆ సాయంత్రం నాతో చెప్పింది. మనం నిప్పు పారిన నేలకు బస్సు దూరంలో బతుకుతూ, అది ఏ దేశంలో ఉంటుందో బట్టీపడుతున్నాం అంది. తర్వాత నోటుబుక్కు తీసి, మంచు మోసుకొచ్చి వదిలేసిన రాయికి తను వెతుకుతున్న పేరు రాసింది. వలస గుండు. మేస్త్రి నోటి నుంచి తెచ్చుకుందని అనుకున్నాను. ఆమె మాటలన్నీ అలా తెచ్చుకున్నవే. కొండ మీద మంచు తవ్విన గుంటకు, మూడు పక్కలా గోడ ఉండి ముందు తెరుచుకున్నదానికి, ఆమె చాట అని పేరు పెట్టింది. మా ఇంట్లో అయితే అది చేట. బళ్ళో పిల్లలు చాట అన్నారు కాబట్టి చాట.

అప్పటికే తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు మూతపడ్డాయి. ఏడాది చదువు పోయింది. బడి గోడ మీద ఎవరో బొగ్గుతో మమ్మల్ని మా ఊరికి పొమ్మని రాశారు. అందులో రెండు అక్షరదోషాలున్నాయి. అక్క ఆ రెండూ సుద్దతో దిద్ది, మిగతాది అలాగే ఉంచింది. ఊళ్ళో ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. మూసిన బడికి ఆమె రోజూ ఎందుకొస్తోందని మాత్రం అడిగారట. ఆ ఏడాది ఆమె గుండ్ల నీడన కూర్చుని పుస్తకం రాసింది. రాష్ట్రమంతా ఎవరు ఎక్కడివాళ్ళని లెక్కలు తేలుస్తున్నప్పుడు, ఆమె ఏ రాయి ఎక్కడిదని తేల్చుకుంటూ కూర్చుంది.

పుస్తకం చివరి పుట నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

"మన గుండ్లు ఎక్కడి నుంచీ రాలేదు. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఉల్లిగడ్డలా పొట్టు ఊడి గుండ్రమయ్యాయి. స్కైలో గుండు కనిపిస్తే ఎక్కడి నుంచి వచ్చావు అని అడగాలి. మన గుండును ఎన్ని పొరలు పోయాయి అని అడగాలి. రెండూ చూడటానికి ఒకటే. చూసి చెప్పకూడదు. కొట్టి వినాలి."

పిల్లల విజ్ఞాన పుస్తకాలు వేసే ఒక సంఘానికి ఆమె దీన్ని పంపింది. వాళ్ళు ఏడాదిన్నర ఆలోచించారు. మంచు కూడా అంతకన్నా తొందరగా జరిగేదేమో. డెబ్భై రెండు వానాకాలంలో అక్కకు కామెర్లు వచ్చాయి. పదకొండు రోజులు. దాని గురించి రాయడానికి ఎక్కువేమీ లేదు. పదో రోజున దవాఖాన మంచం మీద, చాట బొమ్మ సరిగా రాలేదని, మళ్ళీ గీయించమని చెప్పింది. గీయిస్తానన్నాను.

"మాటలు మార్చనియ్యకు," అంది.

సరేనన్నాను. ప్రూఫులు దిద్దేవాడు ఇవ్వగల మాట అదొక్కటే.

ఆమె పోయిన నెలకు సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. పుస్తకాన్ని అంగీకరించామని, స్వల్ప పరిష్కారాలతో ప్రచురిస్తామని, వారి ఆరోగ్యం బాగున్నదని తలుస్తామని.

సంఘం పుస్తకాలు మా ప్రెస్సులోనే అచ్చయ్యేవి. అందువల్ల ఆ స్వల్ప పరిష్కారాలు నా బల్ల మీదికే వచ్చాయి. అక్క రాసిన మొదటి వాక్యం, "ఈ ద్వీపం నిప్పులో పుట్టింది." పరిష్కరించిన మొదటి వాక్యం, "గగనకాంత నీలి చీరకొంగున ముడివేసిన మరకతమణి వంటి ఆకాశ ద్వీపమున ప్రకృతిమాత తాండవమాడిన వేళ". ఆ వేళ ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఇంకో పుట తిప్పాలి. నేను కాగితాలు పట్టుకుని సంఘం పరిష్కర్త దగ్గరికి పోయాను. ఆయన చెడ్డవాడు కాదు. మా వైపు మనిషే. నాకు కాఫీ తెప్పించాడు, అక్క పోయినందుకు నిజంగానే బాధపడ్డాడు, ఆమె శైలిని మెరుగుపరిచే అవకాశం తనకు దక్కినందుకు సంతోషించాడు.

"ఆకాశ ద్వీపం ఏమిటండీ?" అని అడిగాను.

"స్కై అంటే ఆకాశమే కదండీ. పేర్లు కూడా తెలుగులో ఉంటే పిల్లలకు సులువని."

"ఆ స్కై వేరండీ. ఇంగ్లీషులో చివర ఇంకో అక్షరం ఉంటుంది."

"చూశానండీ. అచ్చుతప్పని తీసేశాను."

నేను తర్వాతి కాగితం తీశాను. వలస గుండు అన్నచోట ఎర్రసిరాతో హిమప్రవాహానీత విస్థాపిత శిలాఖండము అని ఉంది.

"ఇది ఎందుకు మార్చారు?"

"గుండు అంటే పిల్లలు నవ్వుతారండీ. తిరుపతి గుండు అనుకుంటారు."

"అక్కడి పిల్లలు అనుకోరండీ. వాళ్ళు పెద్ద రాయిని గుండే అంటారు."

"అంటారు లెండి. కానీ అది వాడుక. ఇది పుస్తకం." ఆయన గొంతు తగ్గించాడు. "అసలు సంగతి అది కాదండీ. ముందున్న మాట చూశారా? వలస. అసలే కాలం బాగాలేదు. ఎవరు వలస, ఎవరు కాదు అని ఊళ్ళు తగలబడ్డాయి. పిల్లల పుస్తకంలో ఆ గొడవ మనకెందుకండీ?"

"రాయి గురించండీ."

"రాయి గురించే అని మీకూ నాకూ తెలుసు. అసెంబ్లీలో ఎవరైనా చదివితే?"

అసెంబ్లీలో మా అక్క పుస్తకం చదువుతారని నేనెప్పుడూ ఆశపడలేదు. ఆయన భయపడ్డాడు. ఆమె ప్రతిభ మీద నాకంటే ఆయనకే నమ్మకం ఎక్కువ.

చాట హిమగహ్వరం అయింది. జరిగే మంచు హిమప్రవాహం అయింది. చివరి పుట పూర్తిగా పోయింది. "స్థానిక విషయాలు ద్వీపంతో సంబంధం లేనివి" అని పక్కన రాశారు. ఆ వ్యాఖ్యలో అక్షరదోషం లేదు కాబట్టి ప్రూఫు పరంగా నేను అనడానికేమీ లేదు. అచ్చుతప్పులు దిద్దే అధికారం నాకుంది, అచ్చమైన తప్పులు దిద్దే అధికారం లేదు.

మా ప్రెస్సులో అక్షరాలు పేర్చే ఆయన కార్వాన్ మనిషి. తెలుగు, ఉర్దూ రెండూ ఒకే చేత్తో పేర్చేవాడు. పుట 41 పేరుస్తూ నన్ను పిలిచాడు.

"సార్, జర సూడుండ్రి. ఒక రాయికి ఒక లైన్ పాయె. గింత పేరెందుకు పెట్టిండ్రు దీనికి? బరువుందనా?"

"ముందు వలస గుండు అని ఉండేది."

"గట్లుంటే ఫికర్ ఏముండె?" అతను అక్షరాల గళ్ళపెట్టె వైపు చూశాడు. "గీ పేరు ఇంకో పుటల వస్తే నా తాన ఒత్తులు ఒడుస్తయి."

తర్వాత బొమ్మల సమస్య వచ్చింది. ఇంగ్లీషు పుస్తకంలో మంచు దించిన గుండు ఫోటో ఉన్న పుట మీద ఎప్పుడో ఎవరో టీ ఒలకబోశారు. దాన్నుంచి అచ్చుకు బ్లాకు చేయడానికి పనికిరాదు. సంఘం ఒక ఫోటోగ్రాఫరును స్కూటరు మీద పంపింది, స్కైకి కాదు, రాయదుర్గానికి. అతను బడి వెనక రాయి మీద రాయి నిలిచిన చోట ఫోటో తీశాడు. కింద వ్యాఖ్య వచ్చింది: "ఆకాశ ద్వీపమున హిమప్రవాహానీత విస్థాపిత శిలాఖండము".

ఫోటోలో గుండు పక్కన ఈతచెట్టు కూడా పడింది. స్కాట్లండు పక్కన ఈతచెట్టు ఉండకపోవచ్చని పరిష్కర్తగారికి అనుమానం వచ్చింది. శాస్త్రదృష్టి అంటే అదే. చెట్టు తీసేయమని బ్లాకు చేసేవాళ్ళకు చెప్పారు. వాళ్ళు మాను గీకారు, ఆకులు గీకారు. చెట్టుకు కట్టిన కల్లుముంతను గీకడం మర్చిపోయారు. అందువల్ల పుట 43లో, గుండు పక్కన, ఆకాశ ద్వీపం ఆకాశంలో, ఒక ముంత దేనికీ వేలాడకుండా వేలాడుతోంది.

నాకు నవ్వు రాలేదు. వలస అనే మాట వద్దని కొట్టేసినవాళ్ళు, ఎక్కడికీ కదలని గుండును పట్టుకుని వలస వచ్చిందని బొమ్మ వేశారు. చూసి చెప్పకూడదు అని రాసిన మనిషి పుస్తకంలోనే చూసి చెప్పారు. ఆమె పేరు మాత్రం అట్ట మీద తప్పుల్లేకుండా ఉంది. ఆ బొమ్మ చూసే పిల్లలు ఆమె చెప్పిందనే అనుకుంటారు.

పుస్తకం అచ్చయి కుట్టు పని నడుస్తున్నప్పుడు పరిష్కర్తగారు ప్రెస్సుకు వచ్చారు. కొన్ని ఒత్తులు తలకిందులయ్యాయి, ఒకచోట వరస మారింది. చివర్న ఒక తప్పొప్పుల పట్టిక అతికించాలని నేను చెప్పాను.

"అతికించండి."

"పట్టిక రాసి మీకు చూపించనా?"

"అబ్బే, మీరే చూసుకోండి. తప్పొప్పుల పట్టిక ఎవరు చదువుతారండీ?"

ఆయన ఆ మాట అనకపోతే నాకు ఆ ఆలోచన వచ్చేది కాదు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయారు. నేను కూర్చుని పట్టిక రాశాను. తలకిందులైన ఒత్తులు ముందు రాశాను, నా ఉద్యోగం కాబట్టి. తర్వాత ఇలా రాశాను:

"ఆకాశ ద్వీపం అన్నచోటల్లా స్కై ద్వీపం అని చదువుకోవాలి.
పుట 19. హిమగహ్వరం: చాట.
పుట 41. హిమప్రవాహానీత విస్థాపిత శిలాఖండము: వలస గుండు.
పుట 43. బొమ్మలో ఉన్నది స్కై ద్వీపం కాదు, రాయదుర్గం. ఈ గుండు ఎక్కడి నుంచీ రాలేదు. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఉల్లిగడ్డలా పొట్టు ఊడి గుండ్రమయింది. చూసి చెప్పకూడదు. కొట్టి వినాలి.
అదే బొమ్మలో ముంతకు భూగర్భ శాస్త్రంతో సంబంధం లేదు."

మరకతమణి వాక్యం జోలికి పోలేదు. దానికి ఒప్పు రాయాలంటే పుస్తకం మొత్తం మళ్ళీ వేయాలి.

అక్షరాలు పేర్చే ఆయన పట్టిక అంతా ఒకసారి చదివి, నా మొహం చూశాడు.

"సార్, గివన్ని ఒప్పులు ఎవలు జెప్పిండ్రు?"

"మా అక్క."

అతను ప్రెస్సులో ఉన్న అన్నిటికంటే చిన్న అక్షరాలు తీశాడు. మైదా జిగురుతో ప్రతి పుస్తకం చివరా ఆ ముక్క అతికించాం. చాట బొమ్మ కూడా మళ్ళీ గీయించాను, కానీ అది చేరేసరికి బ్లాకులు అయిపోయాయి. ఆ ఒక్క మాట నిలుపుకోలేకపోయాను.

ఏమీ జరగలేదు. పరిష్కర్తగారు చెప్పింది నిజమే, పట్టిక ఎవరూ చదవలేదు. అసెంబ్లీ కూడా చదవలేదు. ఒక పత్రికలో సమీక్ష వచ్చింది, దివంగత రచయిత్రి గంభీరమైన శైలిని మెచ్చుకుంటూ. గగనకాంత వాక్యాన్ని ఉదాహరణగా ఇచ్చారు.

డెబ్భై ఐదు ఎండాకాలం ముందు రెండు పుస్తకాలు పట్టుకుని బడికి పోయాను. ఒకటి బడికిచ్చాను. రెండోది మేస్త్రికి. అతనికి చదవడం రాదు, కానీ పుస్తకంలో సగం అతని దగ్గర విన్నదే. బడి వెనకాల ఉన్నాడు. ఎవరో కొత్త భవనాలు కడుతున్నారట, రాయి కావాలట. అతను నిలబడ్డ గుండు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి వరసగా చిన్న రంధ్రాలు కొట్టి ఉన్నాయి. పక్కన ఈతచెట్టు, దానికి ముంత.

నేను పుట 43 తెరిచి చూపించాను. మేస్త్రి చాలాసేపు చూశాడు.

"గీ ముంత మన గౌండ్ల ముంత లెక్కనే ఉన్నది."

"అదే."

"మరి సెట్టేది?"

"గీకేశారు."

"సెట్టు గీకితే కల్లు ఏడికెళ్లి వస్తది?" అన్నాడు. తర్వాత బొమ్మలోని గుండును, కాళ్ళకిందున్న గుండును మార్చి మార్చి చూశాడు. "మా గుండే గద! కింద ఏం రాసిండ్రు?"

చెప్పాను. ఆకాశ ద్వీపం నుంచి ముంత దాకా అంతా చెప్పాను. గుండు మంచులో కొట్టుకొచ్చిందని రాశారంటే అతనికి కోపం వచ్చింది.

"కొట్టి ఇన్నడా వాడు? ఒక్కసారన్న కొట్టి ఇన్నడా?"

"లేదు. అందుకే చివర్న ఇది అతికించాను." పట్టిక మొత్తం చదివి వినిపించాను. పొట్టు ఊడటం దగ్గర తల ఊపాడు. వలస గుండు దగ్గర ఆగి, మళ్ళీ చదవమన్నాడు.

"నీ మాటే మేస్త్రీ," అన్నాను. "నువ్వన్న మాటే ఉంచాను."

"నేనెప్పుడన్న?"

"బర్రెను కట్టే నల్లరాయి కొట్టినప్పుడు."

"నేను ఈడిది గాదన్న. గంతే అన్న." అతను సుత్తి కింద పెట్టాడు. "గా మాట టీచరమ్మది. గప్పుడు గోడ మీద రాసిండ్రు జూడు, బొగ్గుతోని, గా దినాలల్ల. నేను నవ్వులాటకు అడిగిన. రాయి సంగతి సరే, నువ్వేడిదానివమ్మా అని. నేను గూడ వలస గుండునే మేస్త్రీ అన్నది. మంచు ఈడ దించింది, మంచు పోయింది, నేనున్న అన్నది."

నేను పుస్తకం మూశాను.

"నేనన్న, మరి నేను గూడ గంతేనమ్మా, పాలమూరు గుండును అని. ఇద్దరం నవ్వినం." అతను వంగి మేకులు ఏరుకున్నాడు. "గది బుక్కుల పెడ్తదనుకోలే."

ఇంటికొచ్చి ఆ మాట నోటుబుక్కులో రాసుకున్న సాయంత్రం నేను ఆమె ఎదురుగానే కూర్చుని ఉన్నాను. నాతో లావా గురించి చెప్పింది, శంకర్‌పల్లి గురించి చెప్పింది. ఇది చెప్పలేదు. పరిష్కర్తగారు ఎర్రసిరాతో కొట్టేసిన ఆ గొడవ ఆ మాటలో నిజంగానే ఉంది. ఆయనకది వినపడింది. నేను అది రాయి గురించే అని వాదించి వచ్చాను.

మేస్త్రి ఇనుప మేకులు రంధ్రాల్లో దించి, ఈ చివరి నుంచి వరసగా కొట్టుకుంటూ పోయాడు. ప్రతి దెబ్బకూ గుండు గంటలాగే మోగింది. అతను చెప్పింది నిజమే.

"రేపు లారీల పోతది," అన్నాడు. "ఇగ గిది గూడ వలసే."

అంటే మర్నాటి నుంచి పుట 43 బొమ్మ ఒప్పు, నేను అతికించిన ముక్క తప్పు. ఆ సంగతి నేను పైకి అన్నాను. మేస్త్రికి అర్థం కాలేదు, అర్థమైనా పట్టించుకునేవాడు కాదు. ఆరో మేకు దగ్గర మోత మారింది. లోపలెక్కడో నూలుపోగంత గీత పడింది.

"జర పక్కకు జరుగుండ్రి సార్," అన్నాడు.

పుస్తకం చంకలో పెట్టుకుని జరిగాను.